గిన్నెల కొట్టు

మూడో పొయ్యి మీద హండా మూతకు గోధుమపిండి అతికించి దమ్ము పెడుతుండగా ఖుద్దూసుకు కళ్ళు బైర్లు కమ్మాయి. మే నెల మధ్యాహ్నం. పాత పలకల ఫ్యాక్టరీ షెడ్డు, పైన కాలిన రేకులు, కింద వరసగా గ్యాసు పొయ్యిలు. తెల్లవారుజామున పొయ్యి ముట్టించినవాడు ఇంతవరకూ మెతుకు ముట్టలేదు. వండేవాడి కడుపు సంగతి తినేవాళ్ళకు ఎందుకు తడుతుంది? షెడ్డు పక్కన కూలరు పెట్టించిన గదిలో శేషగిరిరావు, అతని బావమరిది ఉమామహేశ్వర్లు, హైదరాబాదు నుంచి వచ్చిన ఆర్కిటెక్టు అమ్మాయి కూర్చుని, లోపలికి పోయిన ప్రతి గిన్నెనూ రెండు చెంచాలు రుచి చూసి మార్కులు వేస్తున్నారు. దానికి టేస్టింగు అని పేరు. మిగిలినదంతా తిరిగి షెడ్డులోకి వస్తోంది.

గోడవారన పిచ్చమ్మ గిన్నెలు తోముతోంది. ఆమె ఫ్యాక్టరీ వెనక పేటలో ఉంటుంది. పెళ్ళిళ్ళలో ఖుద్దూసు ఎక్కడ వండితే అక్కడ గిన్నెలు ఆమెవి, రోజుకు నాలుగు వందలు. పొద్దున్నుంచీ ఆమె అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. అతనికి కారణం తెలుసు. తెలుసు కాబట్టే అడగలేదు.

మార్కాపురం నుంచి పెద్దదోర్నాల పోయే ఆ రోడ్డు మీద శ్రీశైలం యాత్రికుల కార్లకు తెరిపి ఉండదు. మూడు తరాలుగా కిరాణా హోల్‌సేలు దుకాణం నడుపుతున్న శేషగిరిరావు కన్ను ఆ కార్ల మీద పడింది. మూతబడ్డ ఫ్యాక్టరీని కొన్నాడు. కింద కుటుంబాలతో కూర్చుని తినే రెస్టారెంటు, మేడ మీద బారు, రోడ్డు వైపు ఫుడ్ బజారు. బజారులో చంద్రశేఖరపురం కందిపప్పు, నల్లమల తేనె, గానుగ నూనె, పొడులు, పచ్చళ్ళు. సంతలో నూట అరవైకి దొరికే పప్పు అద్దాల అలమరలో కూర్చున్నందుకు మూడు వందలు. అన్నిటికీ కలిపి 'స్లేట్ యార్డ్' అని పేరు పెట్టారు. గోడలకు రంగులొద్దు, ఇక్కడ గుట్టలుగా పడివున్న పలక రాళ్ళే అతికిద్దాం, ఎంత అందమో అంది ఆర్కిటెక్టు అమ్మాయి. అందమే, కాదనేదేముంది? ఆ రాళ్ళను కోసి కోసి దుమ్ము మింగినవాళ్ళు వెనక పేటలో ఇంకా దగ్గుతూనే ఉన్నారు. దగ్గును తెచ్చి గోడకు అతికించే ఉపాయం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఆ స్లేట్ యార్డు వంటగదికి ఖుద్దూసు హెడ్ మాస్టరు, వంటవాళ్ళకు పెద్ద. నెలకు పాతికవేలు.

అంకె కన్నా 'నెలకు' అన్న మాటే అతనికి ఎక్కువ తీపి. పెళ్ళిళ్ళ వంటవాడి బతుకు ముహూర్తాల చేతిలో ఉంటుంది. పురోహితుడి కన్నా ముందు ఖుద్దూసు సాయిబే పంచాంగం కొంటాడని ఊళ్ళో ఎగతాళి. మూఢం వస్తే ఎక్కడో ఆకాశంలో శుక్రుడు కనపడకుండా పోతాడు, ఇక్కడ సాయిబు ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. ఈ ఏడు నడి వేసవిలోనే మూఢం పడింది. బస్టాండు దగ్గర బజ్జీల బండి పెట్టుకుంటే నూనె, సెనగపిండి పోను రెండు మూడు వందలు. భార్య కమ్రున్నీసా జాకెట్లు కుట్టేది కూడా పెళ్ళిళ్ళకే కాబట్టి ఆమె మిషనూ శుక్రుడి కోసమే ఎదురుచూస్తోంది. శుక్రుడితో పనిలేని పొయ్యి ఒకటి ఉంటుందని శేషగిరిరావు చెప్పిన రోజున కమ్రున్నీసా మొహం దీపం పెట్టినట్లు వెలిగింది. సంతోషమంటే అదే.

ఆ వంటగదిని ఖుద్దూసు ఇంకా గోడలు లేవకముందే కట్టుకున్నాడు. షెడ్డు నేల మీద బలపంతో గీతలు గీసి ఇది దమ్ము పొయ్యి, ఇది రొట్టెల పెనం, ఇక్కడ తూము, ఇక్కడ పిచ్చమ్మ నిలబడి తోముకోవడానికి ఎత్తు తొట్టి అని కమ్రున్నీసాకు చూపించాడు. ఇన్నేళ్ళూ ఊళ్ళవాళ్ళ దొడ్లలో, చెట్ల కింద, వానకు పరదా పట్టించుకుని వండినవాడు. గీసిన గీతలు తొక్కకుండా చుట్టూ తిరిగి పోతుంటే పనివాళ్ళు నవ్వుకునేవారు.

శేషగిరిరావూ అతనూ ఒక ఈడువాళ్ళు. ఒక ఈడువాళ్ళే కాదు, ఒకప్పుడు కలిసి అడుక్కున్నవాళ్ళు. శేషగిరి తల్లి కనకమ్మకు ముగ్గురు బిడ్డలు పురిట్లోనే పోతే, ఫ్యాక్టరీ పక్కనున్న పీర్ల చావిడిలో మొక్కుకుని ఇతన్ని కన్నది. మొక్కు ప్రకారం పదేళ్ళు వచ్చేదాకా ఏటా మొహర్రానికి కొడుకును ఫకీరును చేసేది. మెడలో ఎర్రదారం, చేతిలో జోలె, వట్టి కాళ్ళు. చావిడిలో పీర్లను చూసుకునే ముజావరు అల్లాబక్ష్ కొడుకు ఖుద్దూసు, కోమట్ల శేషగిరి ఇద్దరూ ఇంటింటికీ పోయి బిచ్చమెత్తి, తెచ్చిన బియ్యం, బెల్లం ఒకే చాప మీద పోసేవారు. పీర్లకు కలిపే పానకానికి మొదటి బెల్లం గంప కనకమ్మ ఇంటిది. ఆమె పోయినా గంప ఆగలేదు. కాకపోతే ఈ మధ్య దాన్ని గుమాస్తా తెచ్చి అరుగు మీద దించి పోతున్నాడు.

అందుకే ఇద్దరి మధ్యా నువ్వు, నేనే. 'శెట్టీ' అంటే 'ఏందిరా' అనుకోవడమే. మొన్న నెల మొదట్లో శేషగిరిరావు అతన్ని పక్కకు పిలిచి, భుజం మీద చెయ్యేసి, మా బావమరిది ముందర మాత్రం సార్ అనమన్నాడు. పెట్టుబడిలో సగం పైన ఒంగోలులో ఉండే ఆ బావమరిదిదే. దానికేముంది, నాలిక అరుగుతుందా అనుకుని ఖుద్దూసు సార్ అన్నాడు. మొదటిసారి ఇద్దరికీ నవ్వొచ్చింది. నాలుగోసారికి ఎవరికీ రాలేదు.

ఆ తర్వాత బజారు సంగతి వచ్చింది. అతను దంచిన కందిపొడి, కొర్రలతో చేసిన బూంది లడ్డు, ఉసిరికాయ పచ్చడి అందరికీ నచ్చాయి. సీసాల మీద 'కనకమ్మగారి వంటిల్లు' అని వేయిస్తామన్నాడు ఉమామహేశ్వర్లు. కొండకు పోయే భక్తులు కొనేవి కదా, మాస్టరు ముందు హాల్లోకి రాకుండా వెనక వాకిలి నుంచి వచ్చిపోతే అందరికీ సౌకర్యం అని కూడా అన్నాడు, చాలా మర్యాదగా, ఉసిరికాయ ముక్క నములుతూనే. ఖుద్దూసుకు ఆ మాట గుచ్చుకుంది. ఇంటికి పోతూ దారంతా తనకు తానే చెప్పుకున్నాడు. పేరు కూడు పెడుతుందా? కనకమ్మ చేతి బెల్లం తిన్నవాడు ఆమె పేరుకు పొడి దంచలేడా? చెప్పుకుంటే సర్దుకుంది. పేదవాడి మనసు మెత్తని పరుపులాంటిది, ఎట్లా నొక్కితే అట్లా సర్దుకుంటుంది.

మూడోది మాత్రం నొక్కితే నొక్కినట్లు పోలేదు.

గుడో మసీదో బడో దగ్గరుంటే బారుకు లైసెన్సు రాదు. ఫ్యాక్టరీ గేటుకు ఓ పక్కగా, పేటకు పోయే దారి మొదట్లో పీర్ల చావిడి ఉంది. ఒక గది, ముందు అరుగు, అరుగు ముందు మొహర్రానికి నిప్పులు పోసే గుండం. రోడ్డున పోయేవాడికి అదేమిటో తెలియదు. పండుగ తప్ప మిగతా ఏడాదంతా తలుపుకు తాళమే. పట్టుబట్టల్లో చుట్టిన పీర్లు లోపల పెట్టెలో ఉంటాయి, పెట్టె పక్కన ఖుద్దూసు డేగిసాలూ హండాలూ ఉంటాయి. వెల చూస్తే లక్ష పైమాటే. ఇంట్లో చోటు చాలదు, బయట పెడితే దొంగలు. పీర్ల దగ్గర దొంగతనం చేసే మగవాడు ఆ చుట్టుపక్కల ఇంకా పుట్టలేదు కాబట్టి తండ్రి కాలం నుంచీ గిన్నెలు అక్కడే.

శేషగిరిరావు పట్టుకున్నది ఆ గిన్నెలనే. లైసెన్సుకోసం ఎక్సైజు అధికారి చూడటానికి వచ్చి అడిగితే గిన్నెల కొట్టు అని చెప్పమన్నాడు. ఖుద్దూసు గతుక్కుమన్నాడు.

"ఇందులో అబద్ధమేముందిరా?" అన్నాడు శేషగిరిరావు. "ఏడాదికి పది దినాలు పీర్లు లేస్తాయి. కడమ దినాలు ఆడుండేది నీ గిన్నెలే గదా. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? లైసెన్సు రానీ, ఊరవతల టైల్సేసి కొత్త సావిడి కట్టిస్తా, మా అమ్మ పేరు మీద."

ఖుద్దూసు ఇంకా తటపటాయిస్తుంటే అసలు మాట బయటపెట్టాడు. బారు లేకపోతే ఉమామహేశ్వర్లు డబ్బు వెనక్కి తీసుకుంటాడు. వట్టి అన్నం, పప్పు అమ్మి ఈ అప్పులు తీరవు. బారు లేకపోతే రెస్టారెంటు లేదు, బజారు లేదు. బలపంతో గీసిన వంటగదీ లేదు. ఆ చివరి మాట అతను అనలేదు. అనకపోయినా ఖుద్దూసు విన్నాడు.

వాళ్ళ మనుషులు వచ్చి చావిడి గోడలకు సున్నం కొట్టారు. గంధపు మరకలు పోయాయి. జెండా కొయ్య పీకి లోపల పడేశారు. గుండంలో పలకరాళ్ళ ముక్కలు పోసి చదును చేశారు, రేపు అక్కడ బెంచీలు వస్తాయట. పీర్ల పెట్టెను మాత్రం వాళ్ళెవరూ ముట్టుకోలేదు. అది ఎత్తవలసినవాడు ముజావరే. నిన్న పొద్దువాలే వేళ ఖుద్దూసే వొళ్ళు కడుక్కుని, ఉతికిన లుంగీ కట్టుకుని, పండుగ కాని రోజున, డప్పు లేకుండా, ఊదుపొగ లేకుండా దాన్ని నెత్తిన పెట్టుకుని సందులమ్మట ఇంటికి మోసుకుపోయాడు. దొంగసొమ్ము మోసినట్టుగా ఉందని అతనికి దారిలోనే అనిపించింది. మంచం కింద పెట్టాడు. కమ్రున్నీసా తిట్టలేదు, అరవలేదు. పక్కబట్టలు తీసుకెళ్ళి వంటింట్లో పరుచుకుంది. పీర్ల మీద పడుకునే ఇంట్లో నేను మంచమెక్కను, ఆ పెట్టె ఎప్పుడు పోతుందో చెప్పు అని వాళ్ళ ఉర్దూలో ఒక్కసారే అడిగింది. అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల? తొక్కాడు. ఈ వేళ మూడింటికి అధికారి వస్తాడు. కడిగే పని అప్పుడు.

కూలరు గదిలోంచి ఆఖరి గిన్నె తిరిగివచ్చింది. అందరికీ నచ్చిందని, మార్కులన్నీ బాగా పడ్డాయని ఆర్కిటెక్టు అమ్మాయి వచ్చి నిండుగా నవ్వుతూ చెప్పి పోయింది. ఖుద్దూసు గోడకు చేరగిలబడి చెంబెడు నీళ్ళు తాగాడు. అప్పుడు మాట్లాడింది పిచ్చమ్మ, తల ఎత్తకుండా, చేతిలో పీచు ఆపకుండా.

"అన్నా, పీర్ల పెట్టె ఇంటికి తీసుకుపోయినావంట."

సున్నం కొడుతున్నారు కదా, దుమ్ము పడుతుందని తీసుకుపోయానన్నాడు ఖుద్దూసు.

"సున్నానికైతే మూలకు జరిపితే చాలదా? సావిడి దాటించాల్నా?"

పిచ్చమ్మ పీచు కింద పెట్టింది. ఆమె చెప్పదలుచుకున్నది పొద్దున్నుంచీ నోట్లోనే ఉంచుకుని ఉంది కాబోలు, తడుముకోకుండా చెప్పింది.

"నాకు దేవుడు ఏసయ్యే. ఆదివారం తప్పకుండా గుడికి పోతా. అయినా మా ఆయన ఇశ్రాయేలు తాగొచ్చి మీద పడినప్పుడు నేను ఉరికింది గుడికాడికి గాదు, గుడికి తాళమేసుంటారు. మీ సావిడి అరుగెక్కినా. ఆయన గుండం దాకా వచ్చి ఆగేవోడు. తిట్టేవోడు, రాయి గూడ ఎత్తేవోడు. గుండం మాత్రం దాటేవోడు గాదు. ఎంత తాగినా ఆ ఒక్క తెలివి ఉండేది. నాకే గాదన్నా, మా పేటలో ఆడోళ్ళందరికీ ఆ అరుగే దిక్కు. నీకు తెలుసు గదా."

తెలుసు. తెల్లారి గిన్నెలకోసం పోయినప్పుడు అరుగు మీద కొంగు పరుచుకుని ఎవరో ఒకరు నిద్రపోతూ ఉండడం అతను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాడు. తండ్రి అల్లాబక్ష్ వాళ్ళను లేపేవాడు కాదు. తలుపు చప్పుడు కాకుండా తీసేవాడు.

"ఇప్పుడాయనకు తాగేదానికి గూడ ఊపిరి లేదులే. పలక దుమ్ము అంతా తాగేసింది," అంది పిచ్చమ్మ. "నేను అడగతన్నది నా కోడలి సంగతి. మేడ మీద బారు వస్తది. దిగినోడు దిగినట్టు మా దావమ్మటే గదా ఇంటికి పోవాల. రేపు ఆ బిడ్డ అరుగెక్కి కూచుంటే, ఈడ పీర్లు లేవు, గిన్నెలున్నాయని మొగుడికి తెలిసినాక, గిన్నెలకు ఎవుడు బయపడతాడన్నా?"

నీకు కూడా ఇక్కడ నెల జీతం వస్తుంది పిచ్చమ్మా అందామనుకుని ఖుద్దూసు మానుకున్నాడు. ఆమె జవాబు కోసం ఎదురుచూడలేదు. మసిబట్టిన అడుగును మళ్ళీ రుద్దడం మొదలుపెట్టింది. గేటు దగ్గర జీపు ఆగిన చప్పుడైంది.

అధికారి ఒంగోలువైపు మనిషి. ఎండకు వాడిపోయి, ఇంకా ఎక్కడెక్కడికో పోవలసినవాడిలా ఉన్నాడు. వెంట టేపు పట్టుకున్న కానిస్టేబులు. ఉమామహేశ్వర్లు పెట్టించిన చల్లని మజ్జిగ తాగాడు, భోజనం మాత్రం వద్దన్నాడు. ఫ్యాక్టరీ అంతా తిరిగి చూశాడు, మెట్లు చూశాడు, మేడ చూశాడు. తప్పేమీ దొరకలేదు. గేటు దగ్గరికి వచ్చి నాలుగు వైపులా చూస్తూ, సున్నం తెల్లగా మెరుస్తున్న గది ముందు ఆగాడు.

"ఇదేంటండీ?"

"గిన్నెల కొట్టు సార్," అన్నాడు శేషగిరిరావు. "మా మాస్టరు వంట సామాన్లు పెట్టుకుంటాడు. వాళ్ళ నాయన కాలం నించీ ఈడనే."

తీయమన్నాడు అధికారి. ఖుద్దూసు మొలలోంచి తాళంచెవి తీశాడు. పలకముక్కలు పోసిన గుండం పక్కనుంచి, అలవాటు ప్రకారం చుట్టు తిరిగి, అరుగు ఎక్కాడు. గడప ముందు చెప్పులు విడిచాడు. విడుస్తున్నానని అతనికి తెలియదు, మనిషి ఊపిరి తీసుకునేటప్పుడు తీసుకుంటున్నానని అనుకుంటాడా? తాళం తీసి లోపలికి పోయి కిటికీ తెరిచాడు. వెనకే శేషగిరిరావు వచ్చాడు. మూలనున్న డేగిసాలను చేత్తో చూపిస్తూ, వీటి బరువు, రాగి ధర, కళాయి పెట్టించడానికయ్యే ఖర్చు గడగడా చెప్పుకుపోతున్నాడు.

అధికారి లోపలికి రాలేదు. గడప అవతలే నిలబడి కిందికి చూస్తున్నాడు. గడప ముందు రెండు జతల చెప్పులు ఉన్నాయి. ఒకటి ఖుద్దూసు అరిగిన రబ్బరు చెప్పులు. రెండోది కొత్త తోలు చెప్పులు, బంగారు రంగు బకిల్సు. రెండూ పక్కపక్కనే, ఎవరో చెప్పి పెట్టించినట్లు, మడమలు గడప వైపు తిరిగి ఉన్నాయి.

"గిన్నెల కొట్లోకి చెప్పులు విడిచి వెళ్తారా మీ ఊళ్ళో?" అన్నాడు అధికారి.

శేషగిరిరావు తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. వట్టి పాదాలు. వాటిని ఎవరివో అన్నట్లు చూశాడు. ఎప్పుడు విడిచాడు? పదేళ్ళవాడు జోలె వేసుకుని పరుగెత్తుకొచ్చి ఈ గడప ముందు ఆగిన అలవాటు, యాభై ఏళ్ళవాడి కాళ్ళలో ఇంకా ఉందని అతనికి మాత్రం ఏం తెలుసు? బూట్లతో అరుగు మీద నిలబడ్డ ఉమామహేశ్వర్లుకు ఏమీ అర్థం కాలేదు గానీ, ఏదో జారిపోతోందని మాత్రం తెలిసింది.

"వంట గిన్నెలు గదా సార్. శుభ్రత," అన్నాడతను. "మా దగ్గర హైజీను చాలా స్ట్రిక్టు."

శేషగిరిరావు నవ్వాడు. ఖుద్దూసు నవ్వలేదు. అధికారి వాళ్ళ ముగ్గురినీ మార్చి మార్చి చూసి, చేతిలో పెన్ను మూత తీసి, ఖుద్దూసు వైపు తిరిగాడు. తాళంచెవి నీ దగ్గర ఉంది కాబట్టి నువ్వు చెప్పు, నువ్వు చెప్పిందే రాసుకుంటానన్నాడు.

"చెప్పురా," అన్నాడు శేషగిరిరావు మెల్లగా. ఆ మెల్లదనంలో ఆజ్ఞ లేదు. బతిమాలడమే ఉంది. అదే ఖుద్దూసుకు ఎక్కువ కష్టమనిపించింది. ఎగిరి కసిరినా బాగుండేది.

"మాటలెందుకు?" అన్నాడు ఉమామహేశ్వర్లు. "మాస్టరూ, చెప్పులేసుకో. లోపలికి పోయి ఒక గిన్నె బయటికి తీసుకొచ్చి సార్‌కు చూపించు. అయిపోతుంది. సార్ టైము పాడవుతోంది."

నిజమే, ఎంత చిన్న పని. ఖుద్దూసు గడప దాటి బయటికి వచ్చాడు. రబ్బరు చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. ఇక వెనక్కి తిరిగి నాలుగడుగులు వేస్తే చాలు, నెలకు పాతికవేలు, తూము ఉన్న వంటగది, కమ్రున్నీసా మొహంలో ఆ రోజు చూసిన వెలుగు. మూఢం ఎప్పుడొచ్చినా ఆరని పొయ్యి. తిరిగాడు. సున్నం కొట్టిన గోడ, పెట్టె తీసేసిన చోట నేల మీద నలుచదరపు గుర్తు. అక్కడ ఏమీ లేదు. ఏమీ లేని గదిలోకి పోవడానికి ఇంత భయమెందుకో అతనికి అర్థం కాలేదు. షెడ్డు వైపు నుంచి పిచ్చమ్మ గిన్నె రుద్దుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఏడుపొచ్చింది అతనికి. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. చివరికి మాట వచ్చేసరికి అది చాలా మామూలుగా వచ్చింది.

"శెట్టీ," అన్నాడు.

సార్ అనలేదు. ఉమామహేశ్వర్లు తలెత్తి చూశాడు.

"నేను ఒక్కణ్ణే పోను. ముందు నువ్వు ఏసుకోని పో. నీ ఎనకనే నేనొస్తా. నువ్వు అట్ల పోయినావంటే, అది గిన్నెల కొట్టేనని సార్‌కు నా నోటితో నేనే చెప్తా."

శేషగిరిరావు ఖుద్దూసు కళ్ళలోకి చూశాడు. అక్కడ పంతం కనిపిస్తే గదమాయించేవాడు, లంచానికి బేరం కనిపిస్తే జేబులో చెయ్యి పెట్టేవాడు. ఆ రెండూ కనిపించలేదు. తనతో జోలె పట్టుకుని తిరిగినవాడు నిజంగానే అడుగుతున్నాడు. నువ్వు చేయగలిగితే నేనూ చేస్తానంటున్నాడు, అంతే. ఇందులో తిరుగుబాటు ఏముంది? ఏమీ లేదు. అందుకే తప్పించుకునే దారీ లేదు.

శేషగిరిరావు బయటికి వచ్చాడు. వంగి, తోలు చెప్పులను గడప వైపు తిప్పుకుని, ఒక్కొక్కటిగా వేసుకున్నాడు. బకిల్సు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. నుదుటి చెమట చెప్పు మీద పడింది. అధికారి పెన్ను కాగితం మీద ఆనించి ఉంచాడు. కానిస్టేబులు టేపు చుట్టడం ఆపాడు. షెడ్డు దగ్గర గిన్నె రుద్దుతున్న చప్పుడు ఆగిపోయింది.

"పో బావా," అన్నాడు ఉమామహేశ్వర్లు విసుగ్గా. "గిన్నెల కొట్టే గదా."

శేషగిరిరావు కుడికాలు ఎత్తాడు. ఎత్తిన కాలు గడపకు ఇవతలే ఉండిపోయింది.